రేకు మీద నా అక్షరాలు

ముప్పయ్యెనిమిదేళ్ళు నేను జనాన్ని కింద నుంచే ఎక్కువగా చూశాను. బండి కింద పడుకున్నవాడికి కనబడేవి చెప్పులు, ప్యాంటు అంచులు. వినబడేవి గొంతులు. చెప్పులు కదిలే తీరు చూసి ఎవరు అసలు సంగతి దాస్తున్నారో చెప్పగలిగే స్థాయికి వచ్చేసరికి, నా మోకాళ్ళు ఇక చాలన్నాయి. అలా పుదుచ్చేరిలో కారు మెకానిక్కుగా రిటైరయ్యాను.

ఈ మధ్య ఒక పాలిటెక్నిక్ వాళ్ళు పిలిచి, ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. పావుగంట ఇచ్చారు. అందులో పది నిమిషాలు శాలువాకూ ఫోటోలకూ పోయాయి. మిగిలిన ఐదు నిమిషాల్లో కష్టపడి పని చేయండి అని చెప్పి దిగాను. అది అబద్ధం కాదు గానీ అందులో పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ప్రమోషన్ల గురించి రాయను. నాకు రెండు వచ్చాయి. రెండుసార్లూ జీతం కన్నా చొక్కా రంగే ఎక్కువ మారింది.

ఇంకో మాట. మా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం పదకొండు మందిమి, చదవడం వచ్చింది ఇద్దరికే. మేము ఈ ఊళ్ళో నాలుగు తరాల నుంచీ ఉన్నాం కనుక బళ్ళో తమిళమే చదివాం. మా ఆవిడ యానాం అమ్మాయి. పెళ్ళయ్యాక ఆవిడే నాకు పలక కొనిచ్చి అక్షరాలు దిద్దించింది. కాబట్టి ఇందులో తప్పులుంటే ఆవిడవి, నిజాలుంటే నావి.

అంతోణి మేస్త్రి

పని నేర్చుకున్నది కోసపాళయంలో, అంతోణి మేస్త్రి షెడ్డులో. ఆయన దగ్గర మీటర్లు లేవు. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒకటి ఉండేది. దాని మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. బండి యజమానులు చేతులు కట్టుకుని నిలబడి ఆయన మొహంలోకి చూసేవాళ్ళు. ఆయన వినేది ఇంజనునో, మధ్యాహ్నం తిన్న చేపల పులుసు అరుగుదలనో మాకెవరికీ తెలిసేది కాదు. కానీ కళ్ళు తెరిచి చెప్పింది ఎప్పుడో గానీ తప్పేది కాదు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. షెడ్డులో మా చేత్తో తయారైన ప్రతి ముక్క మీదా, అది బ్రాకెట్ అయినా, రేకు అయినా, ఉలితో మా ఇనీషియల్స్ కొట్టాలి. మా ఊళ్ళో మనిషికి పేరు కన్నా ఇనీషియలే ముఖ్యం. నేను వి. కుప్పుస్వామిని కాబట్టి వి.కె. అని కొట్టేవాణ్ణి, ఇంగ్లీషు అక్షరాల్లో. "పేరు కొట్టి బిగించు. కొట్టడానికి సిగ్గేసిందా, బిగించొద్దు" అనేవాడు మేస్త్రి. నా వృత్తిలో నేను విన్న నీతిశాస్త్రం అంతా ఇదే. దీనికి శాలువా ఎవరూ కప్పలేదు.

నేను అది ఎంత బాగా నేర్చుకున్నానంటే, ఆలోచించకుండానే కొట్టేవాణ్ణి. నా కథంతా అక్కడే చెడింది.

అద్దాల గది

మేస్త్రి పోయాక ఒక కంపెనీ సర్వీసు సెంటరులో చేరాను. పేరెందుకు, అందరివీ ఒకటే మాదిరి ఉంటాయి. ముందు వైపు ఏసీ, సోఫా, కాఫీ, చేపల తొట్టి. మధ్యలో పెద్ద అద్దం. అద్దానికి ఇటు మేము. కస్టమరు తన బండి మీద పని జరగడం కళ్ళారా చూసుకోవాలని ఆ అద్దం పెట్టారట. ఆయనకు కనబడేది మా కాళ్ళు మాత్రమే.

మాకొక మేనేజరు ఉండేవాడు. మేము జీఎం సార్ అని పిలిచేవాళ్ళం. పొద్దున ఎనిమిదిన్నరకు అందర్నీ వరసగా నిలబెట్టి చప్పట్లు కొట్టించేవాడు. ఎందుకు కొడుతున్నామో పదేళ్ళలో నాకు తెలియలేదు. కస్టమరు బండి తీసుకెళ్ళిన మర్నాడు అతనికి ఫోను వెళ్ళేది, మా సర్వీసుకు పదికి ఎన్ని మార్కులిస్తారని. తొమ్మిదిస్తే మాకు సున్నా లెక్క. అంచేత బండి తాళాలిస్తూ "సార్, రేపు ఫోనొస్తాది, పది చెప్పండి" అని బతిమాలుకోవడం కూడా మా మెకానిక్ పనిలో భాగమైంది.

అప్పుడే స్కానర్ వచ్చింది. స్టీరింగు కింద ప్లగ్గు పెడితే తెర మీద ఒక నంబరు, దాని కింద ఒక వాక్యం వస్తుంది. ఆ వాక్యంలో ఏ భాగం పేరుంటే ఆ భాగాన్ని మార్చేయాలని జీఎం సార్ సిద్ధాంతం. ఆయుధపూజ రోజు స్పానర్లకన్నా ముందు స్కానర్‌కు గంధం, కుంకుమ పెట్టాం. కుంకుమ కాస్త ప్లగ్గులోకి పోయింది. వారం రోజులు ఊళ్ళో ప్రతి బండికీ ఒకే జబ్బు చూపించింది. ఆ వారంలో మేము ఎన్ని మంచి భాగాలు పీకి పారేశామో దేవుడికే తెలుసు. మార్కులు మాత్రం పదికి పది.

యంత్రం మీద నాకు కోపం లేదు. జ్వరమానిలాగా అది ఎంత వేడో చెబుతుంది. దాన్ని చూసి మనిషిని మార్చేయమని అది అనలేదు.

పళ్ళ డాక్టరు బండి

ఇక్కడ ఈజీఆర్ వాల్వు సంగతి కొంచెం చెప్పాలి. చదువుకునే పిల్లలు దీన్ని పుస్తకంలో రెండు పేజీల బొమ్మగా చూస్తారు. విషయం చిన్నది. ఇంజను వదిలిన పొగలో కొంత భాగాన్ని మళ్ళీ ఇంజనులోకే పంపిస్తారు. దానివల్ల లోపల మంట వేడి తగ్గుతుంది, బయటికొచ్చే విషవాయువు తగ్గుతుంది. ఆ పొగను ఎప్పుడు, ఎంత లోపలికి వదలాలో చూసుకునే చిన్న తలుపే ఈ వాల్వు. పొగ వచ్చే దారిలో ఉంటుంది కాబట్టి మసి పడుతుంది. మసి ముదిరితే తలుపు మూసుకోదు. అప్పుడు బండి నల్లగా దగ్గుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు లాగదు.

పుదుచ్చేరి దీనికి అనువైన ఊరు. ఊరు చిన్నది. ఇంజను సరిగ్గా వేడెక్కే లోపలే ఇల్లొస్తుంది. శని, ఆదివారాలు బయటి ఊళ్ళ బళ్ళన్నీ బీచ్ వైపు తోసుకొస్తే, మన బండి ఒకటో గేరులో గంటసేపు నిలబడి పొగ మింగుతుంది. డీజిల్ బండికి ఇంతకన్నా చెడ్డ తిండి లేదు.

ఒకరోజు గోరిమేడు నుంచి ఒక పళ్ళ డాక్టరు వెండి రంగు డీజిల్ కారు తెచ్చాడు. నల్ల పొగ. వాల్వు విప్పి చూస్తే గుప్పెడు మసి. పాడైంది ఏమీ లేదు. విప్పి, నానబెట్టి, తోమి, ఆ గొట్టాలన్నీ శుభ్రం చేసి పెడితే సరిపోతుంది. సగం రోజు పని. రోజంతా పళ్ళ గార తోమే మనిషి బండికి ఆ మాత్రం తోముడు న్యాయమే కదా.

జీఎం సార్ వచ్చి "ఎంతసేపు?" అన్నాడు. సగం రోజన్నాను. వరసలో ఉన్న బళ్ళ వైపు చూశాడు, గడియారం చూశాడు. "వేరే దారి లేదా?" అన్నాడు.

పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. తప్పు చేయమని ఏ మేనేజరూ చెప్పడు. వేరే దారి లేదా అని అడిగి గడియారం చూస్తాడు, అంతే. రేపు ఎవరైనా అడిగితే ఆయన అన్నది ఒక ప్రశ్న మాత్రమే.

వేరే దారి ఉంది. మా ఊళ్ళో ప్రతి మెకానిక్కుకూ తెలుసు. ఒక రేకు ముక్క కోసి పొగ వెళ్ళే గొట్టానికి అడ్డంగా బిగించేస్తే సరి. తలుపు తెరుచుకున్నా మూసుకున్నా పొగ రానే రాదు. బండి కుర్రదానిలా లాగుతుంది. నల్ల పొగ మాయం. కంటికి కనబడని విషవాయువు మాత్రం పెరుగుతుంది, అయితే కనబడనిదాని మీద కంప్లెయింట్ ఎవరిస్తారు.

పాత సైలెన్సరు కవరులోంచి రేకు కోశాను. బోల్టుల కోసం అటొకటి ఇటొకటి రెండు రంధ్రాలు. వాల్వు దగ్గర పెడితే తర్వాత ఎవడైనా విప్పగానే చూస్తాడని, గొట్టం అవతలి కొసన, ఇంజనును అంటుకున్న చోట, వేడి ఆపే కవరు వెనకాల బిగించాను. అక్కడ ఎవడూ చెయ్యి పెట్టడు. ఇరవై నిమిషాల పని. వాల్వు సర్వీస్ చేయబడింది అని కాగితంలో రాశాను. డాక్టరు మర్నాడు ఫోనులో పదికి పది ఇచ్చాడు. "వి.కె. చెయ్యి పడితే చాలు" అని కూడా అన్నాడట. జీఎం సార్ ఆ మాట చప్పట్ల దగ్గర చదివి వినిపించాడు. నేనూ కొట్టాను.

ఇలాంటి రేకులు ఆ తర్వాత ఎన్ని కోశానో గుర్తులేదు. గుర్తుంటే ఈ కథ ఇంకో మాదిరి ఉండేది.

పిళ్ళయార్ స్టిక్కరు

సర్వీసు సెంటరులో రిటైరయ్యాక కోసపాళయంలోనే చిన్న షెడ్డు పెట్టుకుని నాలుగేళ్ళు పని చేశాను. ఒక గురువారం సాయంత్రం దేవరాజు తన తెల్ల కారును దాదాపు నడిపించుకుంటూ తెచ్చాడు. దేవరాజు మా వీధివాడే, ముప్పయ్యైదేళ్ళవాడు, నన్ను మామా అంటాడు, మా వీధి అందరిలాగే బండిని వండి అంటాడు. వారానికి మూడు రోజులు పొద్దున్నే ముగ్గురు రోగుల్ని డయాలిసిస్‌కు గోరిమేడు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి తీసుకురావడం అతని పని. ఆ పని ఒక ట్రస్టు వాళ్ళు ఇప్పించారు. ఇల్లు దాని మీదే నడుస్తుంది.

"ఏంది దేవరాజూ, నడిచొచ్చే మాదిరి వస్తా ఉండావు?"

"నడిచుంటే ముందే వచ్చుంటా మామా. ముప్పై దాటి పోతాలేదు. మిషను కట్టేసినట్టు ఉండాది."

అంతకు ముందు శుక్రవారం ఆ కారు దారిలోనే ఇలా మొరాయించింది. ఆటో పిలిచేలోపు టైము దాటిపోయింది. ముగ్గురిలో ఇద్దరికి ఆసుపత్రివాళ్ళు ఎలాగో సర్దారు. మూడో ఆయన కన్నయ్య మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు. ఆయనకు ఆ రోజు కుదరలేదు. మళ్ళీ సోమవారమే. శనివారం రాత్రికే ఆయనకు ఊపిరాడక, ఆదివారం మంచం మీద పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బతికాడు.

"ఈ వారం వేరేవాళ్ళ వండి తీసుకుని తోలినా మామా. ట్రస్టువాళ్ళు తేల్చి చెప్పేసినారు. వచ్చే సోమవారం నా వండి సరిగ్గా రాకుంటే వేరేవాడికి ఇచ్చేస్తారంట. దాని గురించి కూడా కాదులే. ఆ మాస్టారు ముఖం చూడలేకపోతా ఉండాను."

నేను డ్రైవరు సీట్లో కూర్చుని చూశాను. ఇంజనులో తప్పుంటే వెలిగే దీపం చోట చిన్న పిళ్ళయార్ స్టిక్కరు ఉంది, మా ఊళ్ళో వినాయకుణ్ణి అలాగే అంటాం. గోటితో లేపితే కింద దీపం పసుప్పచ్చగా వెలుగుతూనే ఉంది.

"ఇది ఎవురు పెట్టింది?"

"నేను కొనేటప్పుడే ఉండె. సామిని ఎట్లా పీకేది, వదిలేస్తిని."

చాలా ఏళ్ళుగా ఆ దీపం పిళ్ళయార్ బొజ్జ కింద వెలుగుతూనే ఉందన్నమాట. ఇప్పుడెందుకు మొరాయించింది అంటే, మూడు నెలల కింద ఉచిత సర్వీసు క్యాంపులో బండి కంప్యూటరుకు కొత్త ప్రోగ్రాం ఎక్కించారు. అంతకు ముందు తప్పు కనబడితే దీపం వెలిగించి ఊరుకునేది. ఇప్పుడు పవరు కూడా కోసేస్తోంది. ఉచితంగా వచ్చింది కదా.

స్కానర్ పెట్టాను. ఈజీఆర్‌లో పొగ ప్రవాహం చాలడం లేదు అంది. దేవరాజు నవ్వలేక నవ్వి డిక్కీలోంచి గోనెసంచి తీశాడు. అందులో రెండు పాత వాల్వులు. రెండు షాపుల వాళ్ళు ఈ నంబరే చూసి, చెరొక వాల్వు మార్చారు. రెండూ నా టేబులు మీద పెట్టి కరెంటిచ్చి చూశాను. రెండూ నిక్షేపంగా తెరుచుకుని మూసుకున్నాయి.

మూడు రోజుల తిట్లు

శుక్రవారమంతా నేను పని కన్నా తిట్టడమే ఎక్కువ చేశాను. వాల్వు అని తెర మీద కనబడగానే వాల్వు మార్చేవాళ్ళని, వాళ్ళని తయారుచేసే అద్దాల గదుల్ని, పదికి పది మార్కుల్ని. పొద్దున వేరే బండిలో ట్రిప్పు ముగించుకొచ్చిన దేవరాజు స్టూలు మీద కూర్చుని నా తిట్లకు తాళం వేశాడు.

వైర్లు చూశాను, బాగున్నాయి. గాలి కొలిచే సెన్సరు చూశాను, బాగుంది. గాలి లోపలికి వెళ్ళే దారి విప్పాను, వాల్వు వదిలే పొగ కలిసేదీ అందులోనే. లోపల అద్దంలా ఉంది. లక్ష కిలోమీటర్లు దాటిన డీజిల్ బండిలో మసి చుక్క లేదు. "ఎవురో బాగా చూసుకున్నారురా ఈ వండిని" అన్నాను మెచ్చుకోలుగా.

ఇక్కడ ఆగండి. ఇంత తిరిగిన బండిలో ఆ దారి శుభ్రంగా ఉందంటే, ఎవరో బాగా చూసుకున్నారని కాదు, అసలు ఆ దారిన పొగే రాలేదని. ఆ ఒక్క చూపుతో కేసు తేలిపోవాలి. నేను మాత్రం మెచ్చుకుని మళ్ళీ బిగించాను. అనుభవం ఉన్నవాడు చేసే తప్పులు ఇలాగే ఉంటాయి. చూస్తాడు, తెలిసిందనుకుంటాడు, ముందుకు పోతాడు.

శనివారం పొద్దున నాకు అంతోణి మేస్త్రి గుర్తొచ్చాడు. తెర మీది వాక్యాన్ని పక్కన పెట్టి, ఇంజను స్టార్టు చేయించి, స్కానర్‌తోనే వాల్వును తెరవమని ఆజ్ఞ ఇచ్చాను. వాల్వు తెరుచుకుంటే పొగ లోపలికొచ్చి ఇంజను కాస్త తడబడాలి. ఇది గుడిలో దీపంలా నిశ్చలంగా ఉంది. పొగ రావడం లేదు. ఎక్కడ ఆగిందో తెలియాలంటే చెయ్యి చాలు. బట్ట చుట్టుకుని గొట్టాన్ని తాకుతూ పోయాను. వాల్వు దగ్గర గోరువెచ్చన. మధ్యలో గోరువెచ్చన. ఇంజను అంటుకున్న కొసన బట్ట మాడింది. ఆ రెంటికీ మధ్య జానెడు దూరం లేదు.

"దేవరాజూ, దొరికినాడురా దొంగ. ఎవడో రేకు పెట్టుండాడు."

"రేకా? ఎందుకు మామా?"

తోముడు తప్పించుకోవడానికి అని వివరంగా చెప్పాను. దేవరాజు విని, కన్నయ్య మాస్టారిని తలుచుకుని, ఆ రేకు పెట్టినవాడి చేతుల గురించి, వాడి కడుపు గురించి, వాడు ఆసుపత్రిలో పడితే వాడికి బండి దొరకకపోవడం గురించి తీరిగ్గా శపించాడు. నేను కవరు బోల్టులు విప్పుతూ ఒక్కొక్క శాపానికీ అవును అవును అంటున్నాను. వాడు మెకానిక్కే కాదురా, అని ఒకటి నేనూ కలిపాను. దేవరాజు టీ తేవడానికి వెళ్ళాడు.

కవరు తీసి, గొట్టం బోల్టులు విప్పి, రేకు బయటికి లాగాను. మసి కొట్టుకుపోయి నల్లగా ఉంది. చొక్కా అంచుతో తుడిచాను.

వి.కె.

కాసేపు అది ఇంకెవరిదో అయివుంటుందని చూశాను. మా ఊళ్ళో వి.కె.లు ఉండకపోరు. కానీ ఆ ‘కె’ కాలు కొంచెం పొడుగ్గా ఉంది. నా ఉలి అంచు విరిగి అలా పడేది. బానెట్ అడుగున రంగు గీరి చూశాను. తెలుపు కింద వెండి. పళ్ళ డాక్టరు కారు. ఆరేడేళ్ళ కింద నేను తోమకుండా వదిలేసిన గుప్పెడు మసి, కన్నయ్య మాస్టారి గొంతు దాకా వచ్చింది.

సిగ్గు రావాల్సిన చోట అలవాటు ముందొచ్చింది. మేస్త్రి చెప్పింది సిగ్గేస్తే బిగించొద్దని. నేను అందులో పేరు కొట్టడం మాత్రమే నేర్చుకున్నాను.

దేవరాజు టీ గ్లాసులతో వచ్చేసరికి రేకు నా జేబులో ఉంది. "ఏంది మామా, దొరికిందా?"

"రేకు కాదురా. మసి గడ్డ కట్టుండాది. తీసేసినా."

బిగించి తోలి చూస్తే బండి బాణంలా పోయింది. దేవరాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సాయంత్రం పూలదండ తెచ్చి, షెడ్డులో సామి పటానికి వేస్తాడనుకుంటే, నా మెడలో వేశాడు. నా వృత్తిలో అంత బరువైన వస్తువు నేను మోయలేదు.

ఆదివారం మా ఆవిడ బట్టలు నానబెడుతూ జేబులోంచి రేకు తీసింది. "ఏవండీ, మీ పేరే కదా ఇది. జేబులో పెట్టుకుని తిరుగుతున్నారేంటి, ఎవరికైనా ఇవ్వడానికా?"

అంతా చెప్పాను. ఆవిడ విని, చొక్కా పిండుతూ, "నాకు చెప్తే ఏం లాభమండీ? ఆ బండి నేనెక్కనుగా" అంది.

సోమవారం

పొద్దున ఐదున్నరకు దేవరాజు ఇంటికెళ్ళి, ట్రయలు చూస్తానని ముందు సీట్లో కూర్చున్నాను. ముగ్గుర్నీ ఎక్కించుకున్నాం. కన్నయ్య మాస్టారు వెనక కిటికీ పక్కన. మొహం ఉబ్బి ఉంది, చేతిలో ఆసుపత్రి ఫైలు, మడిచిన దుప్పటి. బండి చక్కగా లాగుతోంది.

"సార్, ఈయనే మా మామ" అన్నాడు దేవరాజు. "రెండు షాపులోళ్ళు వల్ల కాదన్నదాన్ని మూడు దినాల్లో పట్టేసినాడు. మసి అడ్డం పడుండాదంట."

"మసేనా?" అన్నారు మాస్టారు మెల్లగా. "అంత మసి చేరేదాకా ఎవురూ చూడలేదా?"

ఇంక ఆగలేకపోయాను. "మసి కాదు సార్. రేకు. పెట్టింది నేనే" అని జేబులోంచి తీసి వెనక్కి అందించాను. ఎందుకు పెట్టానో, ఎక్కడ దాచానో, శనివారం ఎందుకు అబద్ధమాడానో, ఆసుపత్రి వచ్చేలోపు చెప్పేశాను. దేవరాజు బండి ఆపలేదు. ఆపే వీలు లేదు, టైముకు చేరాలి. కళ్ళు రోడ్డు మీదే పెట్టి తోలాడు.

మాస్టారు రేకును కళ్ళద్దాలకు దగ్గరగా పెట్టుకుని చదివారు. దిగేటప్పుడు నా చేతికిచ్చి, "తప్పు చేసిన పిలకాయలు కాగితం మీద పేరు రాయకుండా ఇస్తారు నాయనా. ముప్పై ఏండ్లు చూసినా. నీ మాదిరి పేరు చెక్కి ఇచ్చినోణ్ణి ఇప్పుడే చూస్తా ఉండా" అన్నారు. కోపంగా అనలేదు. నిజంగానే వింతగా చూశారు. నన్ను క్షమించమని అడగాలనుకున్నాను. ఆయన చక్రాల కుర్చీలో కూర్చుని లోపలికి వెళ్ళిపోయారు, టైము అయింది.

దేవరాజు ముగ్గుర్నీ లోపల దించి తిరిగొచ్చి సీట్లో కూర్చున్నాడు. స్టార్టు చేయకుండా నా వైపు తిరిగాడు.

"ఆ పళ్ళ డాక్టరు ఈ వండి అమ్మేటప్పుడు నాకు ఏం చెప్పినాడో తెలుసునా మామా? దీని మీద వి.కె. చెయ్యి పడుండాది, కండ్లు మూసుకుని తీసుకో అన్నాడు. అందుకే తీసుకుంటిని."

అరిచి ఉంటే బాగుండేది. నేను చేసుకున్న పేరే అతన్ని ఈ బండిలోకి ఎక్కించింది. నాకు ఏడుపొచ్చింది. అరవై దాటిన మనిషి ఆసుపత్రి పార్కింగులో ఏడిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. అందుకు ఆ చోటు మంచిదే.

"ఆ రేకు ఇట్లా ఇయ్యి మామా" అన్నాడు. ఇచ్చాను.

పని పోలేదు. ఆ సోమవారం నుంచి ఈ రోజు దాకా ఆ బండి ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు. ఆరు నెలలకోసారి వాల్వు విప్పి నేనే తోముతున్నాను, సగం రోజు పట్టేటట్లు. షెడ్డు మూసేశాక కూడా ఆ ఒక్క పని మాత్రం వదల్లేదు. పిళ్ళయార్ స్టిక్కరును పైన అద్దం దగ్గరికి మార్చాం. దీపం చోటు ఖాళీగా ఉంది.

పిల్లలకు చెప్పాల్సింది ఇంతే. స్కానర్ చదవండి, తర్వాత చెయ్యి పెట్టి చూడండి. శుభ్రంగా ఉన్నదాన్ని కూడా అనుమానించండి. వేరే దారి లేదా అని ఎవరైనా గడియారం చూస్తే, మీరు గడియారం చూడకండి. మిగతాదంతా మీకు వాళ్ళే నేర్పుతారు, చప్పట్లతో సహా.

దేవరాజు ఇప్పటికీ ఆదివారాలు మా ఇంటికొస్తాడు. మామా అనే పిలుస్తాడు, మా ఆవిడ ఇచ్చే కాఫీ తాగుతాడు, మాస్టారు ఎలా ఉన్నారో చెబుతాడు. ఆ రేకుకు బోల్టు కోసం నేను వేసిన రంధ్రంలో రింగు దూర్చి, దాన్ని బండి తాళంచెవికి తగిలించుకున్నాడు. రాగానే తాళంచెవి టేబులు మీద నా ముందు పెడతాడు. అక్షరాలు పైకి ఉండేటట్లు పెడతాడు. ఇంతవరకు ఒక్కసారి కూడా తిరగేసి పెట్టలేదు.